గర్భవతి మనస్సు – మన దోహదము

తెలుగున "దోహదము" అను మాటను వినని విద్యార్థి ఉండడు. "విద్య దేశాభివృద్ధికి దోహదము చేస్తుంది" అని మన విద్యార్థులు ప్రతి సంవత్సరము పరీక్షలలో వ్రాస్తూనే ఉంటారు. కాని ఆ మాటకు మొదటి అర్థము సహాయము కాదు. గర్భవతియైన స్త్రీకి కలిగే కోరికకు దోహదమని పేరు. చెట్టు పూయుటకు చేసే ఉపచారము కూడా దోహదమే. సుందరి పాదము తాకితే అశోకము పూస్తుందనుట కవులలో ప్రసిద్ధమైన సంప్రదాయము. కాళిదాసు "మాళవికాగ్నిమిత్రము"లో ఆ ఘట్టము కథకే ఆధారమైనది. చూలాలి కోరిక అను అర్థము నుండి, చెట్టుకు చేసే ఉపచారమను అర్థానికి, దానినుండి ఏ కార్యానికైనా అందించే సహాయమను అర్థానికి ఈ మాట నడచివచ్చినది.

ఈ పద వ్యుత్పత్తిని పండితులు రెండు విధములుగా చెప్పినారు. రెండు హృదయములు కలిగియుండుట అనునది ఒకటి. హృదయము కలతపడియుండుట అనునది రెండవది. వ్యాకరణరీత్యా ఏది సరియైనదో పండితులు తేల్చుకొందురు గాక. గర్భవతి విషయమున మాత్రము రెండును సత్యములే. ఆమెలో రెండు గుండెలు కొట్టుకొంటూ ఉంటాయి. ఆమె మనస్సు తరచు కలతపడుతూ ఉంటుంది. ఉదయము నవ్విన మనిషి మధ్యాహ్నము కారణము తెలియకుండ కంటతడి పెట్టుకొంటుంది. చిన్న మాటకు కోపము, మరుక్షణమున పశ్చాత్తాపము, రాత్రియైతే భయము. ఈ మనోవికారములు ఎందుకు కలుగుతున్నవి, వాటిని ఎట్లు తట్టుకొనవలెను, ఇంటివారు చేయవలసినది ఏమి అను విషయములను ఈ వ్యాసమున పరిశీలింతము.

ఇది ఆడవారి ముచ్చట గదా, కళాశాల సంచికలో దీనికి చోటెందుకని కొందరికి సందేహము కలుగవచ్చును. మన తరగతులలో వివాహితలైన విద్యార్థినులు ఉన్నారు. చదువు ముగిసిన కొద్దికాలానికే తల్లులు కాబోవువారు ఉన్నారు. విద్యార్థులలో రేపటి భర్తలు, నేటి అన్నదమ్ములు, మరుదులు ఉన్నారు. కావున ఇది అందరి పాఠము.

1. పూర్వుల దృష్టి

సుశ్రుతుడు నాలుగవ నెలలో గర్భస్థ శిశువు హృదయము వ్యక్తమగునని చెప్పి, అందుచేత తల్లిని రెండు హృదయములు కలదిగా వర్ణించినాడు. ఆమె కోరికలను తీర్చవలెనని, తీర్చనిచో బిడ్డకు అంగవైకల్యము కలుగునని హెచ్చరించినాడు. ఈ హెచ్చరికను నేటి వైద్యశాస్త్రము అంగీకరించదు. తీరని కోరికవలన బిడ్డకు వంకర రాదు. కాని ఆ భయము చాటున దాగిన హితవు గమనింపదగినది. గర్భవతి మాటను ఇంటివారు చెవిని పెట్టవలెనని ఆ శాస్త్రకారుని అభిప్రాయము.

"రఘువంశము" మూడవ సర్గలో దిలీప మహారాజు భార్య సుదక్షిణ గర్భవతి అవుతుంది. ఆమె మట్టి తిన్నదని కవి వర్ణించినాడు. సిగ్గుచేత ఆమె తన కోరికలను భర్తకు చెప్పదు. అప్పుడా మహారాజు ఆమె చెలికత్తెలను పిలిచి, రాణికి ఏది ఇష్టమో మాటిమాటికి అడిగి తెలిసికొంటాడు. ఇందులో రెండు విషయములు ఉన్నవి. గర్భవతి తనంత తాను నోరు విప్పి చెప్పదు. ప్రేమగల భర్త ఆమె చెప్పువరకు వేచియుండడు, తానే అడుగుతాడు. ఇక మట్టి తినుట విషయము. మట్టి, సుద్ద, బూడిద, పచ్చి బియ్యము తినవలెననిపించుట రక్తహీనతతో, ముఖ్యముగా ఇనుము లోపముతో, ముడిపడియున్నదని నేటి వైద్యులు చెబుతారు. కవికి వర్ణనీయమైనది వైద్యునికి ఒక లక్షణమైనది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ ఉత్తరకాండలో ఉన్నది. గర్భవతియైన సీత గంగాతీరమునందలి మునుల ఆశ్రమములను చూడగోరుతుంది. ఆ కోరికనే నెపముగా చేసికొని ఆమెను అడవిలో విడిచిపెట్టిరి. తెలుగున తిక్కన, కంకంటి పాపరాజు ఈ ఉత్తర కథను కావ్యములుగా రచించినారు. గర్భవతికి కలిగే దుఃఖములలో కెల్ల పెద్దది తనవారు తనను నమ్మకపోవుట అని ఆ కథ చదివిన ప్రతివారికి తెలుస్తుంది.

పవిత్ర ఖుర్ఆనులోని మర్యమ్ అధ్యాయమున ప్రసవవేదన పడుచున్న మర్యమ్ ఖర్జూర వృక్షము మొదలున ఒంటరిగా ఉండి, ఇంతకుముందే చనిపోయినా బాగుండెడిదని వాపోతుంది. అంతటి మహనీయురాలి నోట వచ్చిన ఆ మాటను అక్కడ ఎవరును తప్పుపట్టలేదు. దుఃఖింపవద్దని ఓదార్పు వినిపించినది. పాదముల చెంత నీరు, చెట్టున పండిన ఖర్జూరములు చూపబడినవి. మొదట ఓదార్పు, వెంటనే ఆహారము, నీరు. గర్భవతి కష్టమును ఎట్లు ఎదుర్కొనవలెనో చెప్పుటకు ఇంతకంటె చక్కని క్రమము లేదు.

2. శరీరమున జరిగే మార్పులు

గర్భకాలము చివరి ఋతుస్రావము మొదటి దినమునుండి లెక్కించినచో సుమారు 280 దినములు, అనగా 40 వారములు. ఈ కాలమున ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ అను హార్మోనులు మునుపెన్నడు లేనంతగా పెరుగుతాయి. ఇవి గర్భాశయముపై మాత్రమే పనిచేసి ఊరకుండవు. మెదడులో భావములను, నిద్రను, ఆకలిని నియమించే రసాయనములపై కూడా వీటి ప్రభావము ఉన్నది. ప్రొజెస్టిరాన్ మగతను, బడలికను కలిగిస్తుంది. కావున మొదటి మూడు నెలలలో కారణము లేని ఏడుపు, విసుగు, నిద్రమత్తు కనిపించుట సహజము.

దీనికి తోడు వేవిళ్లు. తిన్నది ఇమడదు. వంటింటి పోపు వాసన కూడా గిట్టదు. కడుపు ఖాళీగా ఉండి, రాత్రి నిద్ర చాలక, పగలు పని తప్పక తిరిగే ఏ మనిషికైనను కోపము రాకుండ ఉండదు.

నాలుగవ నెలనుండి ఆరవ నెలవరకు చాలామందికి కొంత తెరపి కలుగుతుంది. వేవిళ్లు తగ్గుతాయి. బిడ్డ కదలిక తెలిసి ఆనందము కలుగుతుంది. ఏడవ నెలనుండి మరల నిద్ర చెడుతుంది. నడుము నొప్పి, మాటిమాటికి మూత్రవిసర్జన, కాళ్ల వాపు, వీటన్నిటికంటె మిన్నగా ప్రసవభయము. కావున మనస్సు మరల ఊగిసలాడుతుంది.

రక్తహీనత మన దేశమున ప్రత్యేకముగా చెప్పుకొనవలసిన కారణము. గర్భకాలమున శరీరములోని రక్తము పరిమాణము దాదాపు 40 నుండి 50 శాతము పెరుగుతుంది. అందుకు తగిన ఇనుము ఆహారమున లభింపనిచో రక్తము పలుచనవుతుంది. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున గర్భవతులలో 52.2 శాతమునకు రక్తహీనత ఉన్నది. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాములకు తగ్గినచో దానిని రక్తహీనతగా పరిగణిస్తారు. ఆయాసము, నీరసము, చిరాకు, దేనిమీదను మనస్సు నిలువకపోవుట దీని లక్షణములు. ఇంట సోమరితనమని, పొగరని పేరుపడిన ప్రవర్తన వెనుక ఎన్నోసార్లు రక్తలేమి దాగియుంటుంది. థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయకున్నను దిగులు, మందకొడితనము కలుగుతాయి. ఈ రెంటిని రక్తపరీక్షతో తెలిసికొనవచ్చును.

3. ఇంటి పరిస్థితులు

శరీరమొక్కటే కారణము కాదు. కొత్త కాపురము, కొత్త మనుషులు, పుట్టింటికి దూరము. భర్త దూరదేశమున ఉద్యోగములో ఉండి ఫోనులో మాత్రమే పలుకరించగల పరిస్థితి తెలంగాణ, రాయలసీమ జిల్లాలలో ఎన్నో ఇండ్లలో ఉన్నది. అప్పుల చింత కొందరికి, మునుపు గర్భము నిలువని భయము కొందరికి ఉంటుంది.

అన్నిటికంటె క్రూరమైనది మగబిడ్డనే కనవలెనను ఒత్తిడి. తల్లి అండమున ఎప్పుడును ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. తండ్రి వీర్యకణమున ఎక్స్ ఉన్నచో ఆడబిడ్డ, వై ఉన్నచో మగబిడ్డ. అనగా ఆడబిడ్డ పుట్టెనని కోడలిని నిందించుట శాస్త్రవిరుద్ధము. తొమ్మిది నెలలు ఈ నిందను ఊహించుకొంటూ గడిపే స్త్రీకి మనశ్శాంతి ఎట్లు కలుగుతుంది?

మరియొకటి, ఇంటి పెద్దల మాట. "మేమంతా కనలేదా? నీకొక్కదానికేనా కడుపు?" అను మాట తెలుగు ఇండ్లలో ఎంత సామాన్యమో మనకందరికి తెలుసును. అన్నవారు దుర్మార్గులు కారు. వారును ఆ మాటనే విని పెరిగినవారు. కాని ఆ మాట విన్న గర్భవతి ఆపైన తన బాధను ఎవరికిని చెప్పదు. చెప్పని బాధ పెరుగుతుందే కాని తరుగదు.

4. ఏది సహజము? ఏది వ్యాధి?

వచ్చి పోయే దిగులుకు భయపడవలసిన పని లేదు. ఒకనాడు ఏడ్చినంత మాత్రాన బిడ్డకు కీడు కలుగదు. "నీవు ఏడిస్తే కడుపులో బిడ్డ ఏడుస్తుంది" అని బెదిరించుట వలన ఆమె దుఃఖానికి అపరాధభావము తోడవుతుంది. అంతే.

అయితే దిగులు విడువకుండ రెండు వారములు సాగినచో, మునుపు ఇష్టమైన వేటిమీదను ఆసక్తి లేకున్నచో, నిద్రాహారములు పూర్తిగా చెడినచో, తాను దేనికిని పనికిరానిదాననని అనుకొంటున్నచో అది వ్యాధి. గుండె దడ, ఊపిరాడని భయము మాటిమాటికి వచ్చుట కూడా వైద్యునికి చెప్పవలసినదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము లోకమున గర్భవతులలో సుమారు 10 శాతము, బాలెంతలలో సుమారు 13 శాతము ఏదో ఒక మానసిక వ్యాధికి, ముఖ్యముగా కుంగుబాటుకు, లోనవుతున్నారు. అభివృద్ధి చెందుచున్న దేశములలో ఈ సంఖ్యలు 15.6, 19.8 శాతములు. చికిత్స లేక దీర్ఘకాలము సాగిన కుంగుబాటు వలన తల్లి ఆహారము, వైద్యపరీక్షలు నిర్లక్ష్యమవుతాయి. నెలలు నిండని కాన్పులకు, బరువు తక్కువ బిడ్డలకు దీనితో సంబంధమున్నదని పరిశోధకులు గుర్తించినారు.

దీనిని కనిపెట్టుటకు 1987లో ప్రకటింపబడిన ఎడింబరో ప్రశ్నావళి లోకమంతట వాడుకలో ఉన్నది. అందులో పది ప్రశ్నలు, గడచిన ఏడు దినములలో మనస్సు ఎట్లున్నదని అడిగేవి. చివరి ప్రశ్న తనకు తాను హాని చేసికొనవలెనను ఆలోచనను గురించినది. ఆ ఒక్క ప్రశ్నకు అవునను సమాధానము వచ్చినను ఆలస్యము చేయరాదు. ఆమెను ఒంటరిగా విడువక, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో వారు మాట్లాడతారు.

మన ఊళ్లలో ఇటువంటి లక్షణములు కనిపించగానే గాలి సోకినదని, నజర్ తగిలినదని అంటారు. ప్రార్థన వలన, పెద్దల దీవెన వలన మనస్సుకు ఊరట కలుగుతుంది. దానిని మేము కాదనము. కాని ప్రార్థన వైద్యునికి అడ్డు కారాదు. జ్వరమునకు మందు వేయువారు మనోవ్యాధికి మందు వేయుటకు సిగ్గుపడనక్కరలేదు.

5. గర్భవతి తాను చేసికొనదగినవి

ఒకటి: కొంచెము కొంచెముగా, పలుమార్లు తినవలెను. నిద్ర లేవగానే మరమరాలో, రొట్టెముక్కయో తిని కొంతసేపు ఆగి లేచినచో వికారము తగ్గుతుంది. పప్పు, గుడ్డు, మునగాకు, రాగులు, ఖర్జూరము తీసికొనదగినవి.

రెండు: ప్రభుత్వము ఉచితముగా ఇచ్చే ఐరన్, ఫోలిక్ ఆమ్లపు మాత్రలను నాలుగవ నెలనుండి 180 దినములు, ప్రసవానంతరము మరి 180 దినములు వాడవలెను. మాత్రతోపాటు టీ త్రాగరాదు. టీ ఇనుమును ఒంటబట్టనీయదు. నిమ్మ, ఉసిరి వంటివి మేలు చేస్తాయి. కాల్షియము మాత్రను అదే వేళకు వేసికొనరాదు.

మూడు: పగటిపూట కొంత విశ్రాంతి, రాత్రి చాలినంత నిద్ర ఉండవలెను. వైద్యులు వద్దని చెప్పనిచో సాయంకాలము నడక మంచిది. చివరి నెలలలో ఒక ప్రక్కకు తిరిగి పడుకొనవలెను.

నాలుగు: మనస్సులోని మాటను ఒక్కరికైనను చెప్పవలెను. తల్లి, అక్క, వదిన, స్నేహితురాలు, ఎవరైనను సరే. చెప్పలేనివారు వ్రాసికొనవచ్చును. ఏ వేళ, ఏ సందర్భమున దిగులు కలుగుతున్నదో పది దినములు వ్రాసికొన్నచో కారణము కొంతవరకు తనకే తెలియును. వైద్యురాలికి చెప్పుటకు కూడా అది పనికివస్తుంది.

ఐదు: ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భవతులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. 2016లో ప్రారంభమైన ఈ పథకమును వినియోగించుకొనవలెను. అక్కడ బరువు, రక్తపోటుతోపాటు మనస్సు సంగతి కూడా చెప్పవలెను.

ఆరు: మునుపే మానసిక వ్యాధికి మందులు వాడుచున్నవారు గర్భము తెలియగానే తమంత తాము మానివేయరాదు. కొన్ని మందులు గర్భమున పనికిరావు, కొన్ని పనికివస్తాయి. ఆ నిర్ణయము వైద్యునిది.

రమజాను నెలలో ఉపవాసముండుట వలన తనకో బిడ్డకో హాని కలుగునని భయమున్నచో గర్భవతికి ధర్మశాస్త్రమే వెసులుబాటు ఇచ్చినది. మానిన రోజాలకు బదులు ఎట్లు తీర్చుకొనవలెనో పండితులను అడిగి తెలిసికొనవచ్చును. ఆ వెసులుబాటును ఉపయోగించుకొన్న స్త్రీని వేలెత్తి చూపుట తగదు.

6. ఇంటివారి దోహదము

మన ఆచారములను గమనించినచో మన పెద్దలకు ఈ విషయము బాగుగా తెలిసినట్లే కనిపిస్తుంది. హిందువుల ఇండ్లలో సీమంతము, ముస్లిముల ఇండ్లలో సత్వాసా. ఏలూరు ప్రాంతీయుడైన జాఫర్ షరీఫ్ దక్కను ముస్లిముల ఆచారములను వర్ణించిన "కానూనె ఇస్లాం" గ్రంథము 1832లో ఆంగ్లమున వెలువడినది. ఏడవ నెలలో జరిగే ఈ సత్వాసా వేడుక ప్రస్తావన అందున్నది. కొత్త బట్టలు, పూలు, తీపి, ఆడవారి పాటలు. ప్రసవభయము తలయెత్తే ఏడవ నెలలోనే ఈ వేడుక జరుగుట గమనింపదగినది. "నీవు ఒంటరిదానవు కావు" అని పదిమంది కూడి చెప్పుటయే దీని పరమార్థము. తొలి కాన్పుకు పుట్టింటికి పంపుటలోని అంతరార్థము కూడా ఇదియే. అయితే ఈనాడు కొన్నిచోట్ల ఫొటోలు, విందు మిగిలి, అడుగవలసిన మాట మాయమవుతున్నది. వేడుక ఖర్చును చూచి పుట్టింటివారు అప్పుపడినచో దాని భారము మరల ఆ గర్భవతి మనస్సుపైననే పడుతుంది.

భర్త చేయవలసినది పెద్ద పని కాదు. నెలకొకసారి ఆసుపత్రికి తోడుపోవుట, బరువైన బిందెలు, బకెట్లు తాను మోయుట, తల్లికిని భార్యకును నడుమ మాట పెరుగనీయకుండుట, దినమునకు అర్ధగంట ఆమె చెప్పునది వినుట. వినునపుడు వెంటనే హితబోధ చేయరాదు. "ఇంత మాత్రానికేనా?" అనుటకంటె "ఎప్పటినుండి ఇట్లున్నది?" అని అడుగుట మేలు. దూరదేశముననున్న భర్త డబ్బు పంపినదా లేదా అను మాటతో ఫోను ముగింపక, రాత్రి నిద్ర పట్టినదా అని ఒక్క మాట అడిగినను చాలును. ఇంట కొట్టుట, తిట్టుట ఉన్నచో అది మనోవికారము కాదు, నేరము. దానికి మందు ఓర్పు కాదు. 181 అను మహిళా సహాయ సంఖ్యకు ఫోను చేయవచ్చును.

7. ప్రసవానంతరము

కాన్పుతో అంతయు ముగియదు. కాన్పయిన రెండు మూడు దినములకు చాలామంది బాలెంతలకు ఏడుపు, చికాకు కలుగుతాయి. హార్మోనులు ఒక్కసారిగా పడిపోవుట ఇందుకు ఒక కారణము. ఇది రెండు వారములలోపల తగ్గిపోతుంది. తగ్గనిచో వైద్యుని చూడవలెను. వేయి మందిలో ఒకరిద్దరికి నిద్ర బొత్తిగా లేకుండుట, పొంతనలేని మాటలు, లేనివి వినిపించుట, బిడ్డమీద అనుమానము వంటి తీవ్ర లక్షణములు కలుగుతాయి. ఇది అత్యవసర పరిస్థితి. ఆ తల్లిని, బిడ్డను కనిపెట్టియుండి తక్షణము ఆసుపత్రికి చేర్చవలెను. చికిత్సతో వీరు సాధారణముగా కోలుకొంటారు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థలో 2009 నుండి తల్లిని బిడ్డతో కలిపి ఉంచి చికిత్స చేసే విభాగము ఉన్నది. బిడ్డను వేరుచేయక తల్లిని బాగుచేయుట అందలి విశేషము.

8. మన కళాశాల కర్తవ్యము

చివరగా కార్యవర్గ సభ్యులకు ఒక మనవి. మన విద్యార్థినులలో వివాహానంతరము చదువు కొనసాగించువారు ఎంతో పట్టుదలతో వస్తున్నారు. గర్భము ధరించిన తరువాత హాజరు చాలక, అడుగుటకు సిగ్గుపడి, మౌనముగా మానుకొనువారు ఏ కళాశాలలోనైనను ఉంటారు. ఆ మానుకొన్న దినము ఏ రిజిస్టరులోను దుఃఖమని నమోదు కాదు, గైర్హాజరు అని మాత్రమే పడుతుంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2021 డిసెంబరులో విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు ఇచ్చే నియమములను ఏర్పరచుకొనుమని విద్యాసంస్థలకు సూచించినది. ఆ సూచనను మన కళాశాలలో నోటీసు బోర్డుపై తెలుగున, ఉర్దూలో ప్రకటించవలెనని, స్త్రీల గదిలో పడుకొనుటకు ఒక మంచము ఏర్పాటు చేయవలెనని, సంవత్సరమునకు ఒకసారియైనను ఒక వైద్యురాలిచేత విద్యార్థినీ విద్యార్థులకు ఉపన్యాసమిప్పించవలెనని కోరుతున్నాము. వీటికి అయ్యే ఖర్చు స్వల్పము.

విద్యార్థులారా, ఇకమీదట మీరు పరీక్షలో "దోహదము" అను మాటను వ్రాసినపుడు దాని మొదటి అర్థమును తలచుకొనుడు. మీ ఇంట అక్కయో, వదినయో ఇప్పుడు వట్టి మనిషి కాకున్నచో, ఈ సెలవులలో ఇంటికి వెళ్లినపుడు ఆమెను ఏమి తినవలెననియున్నదో, రాత్రి నిద్ర పట్టుచున్నదో అడుగుడు. ఆమె "ఏమీ లేదు" అన్నచో మరునాడు మరల అడుగుడు. మహారాజైన దిలీపుడే మాటిమాటికి అడిగినాడు. మనము ఒకటికి రెండుసార్లు అడుగుటలో చిన్నతనము లేదు.